బొమ్మలు వేసుకునే మనిషికి కథలెందుకు అంటున్నారు

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఊరి పేరు వేసినా ఫర్వాలేదట, "ఇక్కడ బొమ్మలు వేసేవాళ్లు బోలెడుమంది, నన్నెవరూ పోల్చుకోలేరు" అన్నారు. మొత్తం అచ్చు వేసే చోటు లేదు కాబట్టి విషయం నా మాటల్లో చెబుతాను.

ఆమెకు 37 ఏళ్లు. తండ్రి దుకాణాలకు సైన్‌బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచెల్ని అటక ఎక్కించాయి. అయినా కూతుర్ని విశాఖ పంపి బీఎఫ్ఏ చదివించారు. పెళ్లయ్యాక పన్నెండేళ్లుగా ఆమె ఇంట్లోనే కూర్చుని వారపత్రికల కథలకు బొమ్మలు, పుస్తకాలకు ముఖచిత్రాలు వేస్తున్నారు. వేసవి సెలవుల్లో వీధి పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతారు. రెండేళ్లుగా పని బాగా తగ్గింది. "ఇప్పుడు నాలుగు ముక్కలు టైపు చేస్తే కంప్యూటరే బొమ్మ ఇచ్చేస్తోంది మేడం" అని ఒక ప్రచురణకర్త మొహం మీదే అన్నారట. ఈలోగా కూతురి కోసం చెప్పిన కథలు కాగితం మీద పెట్టడం మొదలుపెట్టారు. మూడు అచ్చయ్యాయి. నాలుగోది "వర్ణన ఎక్కువైంది" అనే మాటతో తిరిగొచ్చింది.

జూన్ నుంచి ఊళ్లోని ఒక ప్రైవేటు బడి ఆమెను వారానికి రెండు రోజులు పిలిచింది. 6 నుంచి 8 తరగతులకు డ్రాయింగ్, దానితోపాటు కథలు రాయించే క్లబ్బు. ఇప్పుడు 16,000 జీతం మీద ఆరు రోజులూ రమ్మంటున్నారు. స్టాఫ్‌రూమ్‌లో తెలుగు మాస్టారు మాత్రం "బొమ్మలు వేసుకునే మనిషికి కథలెందుకండీ, సంధులు ఎన్నో చెప్పగలదా?" అన్నారు, ఆమె వినేలాగే. భర్త వద్దనరు గానీ "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు" అంటుంటారు. ఉద్యోగంలో చేరనా, బీఈడీ చేయనా, బొమ్మలు మానేసి కథల మీదే కూర్చోనా అని ఆమె ప్రశ్న.

ఇదంతా ఏడు పేజీలు. అసలు సంగతి చివరి పేజీలో, సిరా రంగు కూడా మారిన చోట ఉంది. మొదటి క్లాసులో 38 మంది పిల్లలూ సింహం, కుందేలు, నీతి రాశారు. నాలుగో వారం ఏడో తరగతి అమ్మాయి ఒకతె వాళ్లమ్మ దుద్దులు తాకట్టుకి వెళ్లిన సంగతి రాసింది. అందులో ఈ వాక్యాలున్నాయి: "బాగుచేయించడానికి ఇచ్చాం అని నాయనమ్మకి చెప్పమన్నారు. చెప్పాను. ఏ షాపులో అని అడిగింది. షాపు పేరు నాకు ఎవరూ చెప్పలేదు." ఈమె పొంగిపోయి ఆ కథను చక్కగా తిరగరాసి, పక్కన తనే దుద్దుల బొమ్మ వేసి, వరండాలో బోర్డు మీద అంటించారు. మర్నాడు తల్లి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఏడ్చింది. కాగితం చించేశారు. ఆ పిల్ల అప్పటి నుంచి క్లబ్బులో సింహం కథలే రాస్తోంది. "నాకు నేర్పే అర్హత లేదేమో" అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా,

చివరి పేజీతోనే మొదలుపెడతాను. అది తేలకుండా జీతం గురించీ బీఈడీ గురించీ మాట్లాడినా మీ చెవికెక్కదు.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక మాట ఉంది. వేసవి క్లాసుల గురించి చెబుతూ "పిల్లల బొమ్మ మీద నేను ఎప్పుడూ నా పెన్సిల్ పెట్టను, విశాఖలో మా సార్ నేర్పిన మొదటి పాఠం అదే" అని రాశారు. మరి ఆ అమ్మాయి కథ మీద పెట్టారు కదా. తిరగరాశారు, బొమ్మ కలిపారు, గోడకెక్కించారు. బొమ్మ విషయంలో మీ చేతికి వచ్చిన పాఠం, కథ దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు. అర్హత లేక జరిగిన తప్పు కాదిది. ఆ వాక్యాలు చూసి మీలోని రచయితకు ఆకలేసింది. "షాపు పేరు నాకు ఎవరూ చెప్పలేదు" అనే వాక్యం నాకు దొరికినా నేనూ పదిమందికి చూపించాలనుకునేదాన్ని. ఇదిగో, ఇప్పుడు చూపించాను కూడా. మీరు వేయొచ్చన్నారు కాబట్టి, కొన్ని వివరాలు మార్చి.

నేను ఇరవై ఆరేళ్లు బడిలో తెలుగు చెప్పాను. మా బడిలో ఒక డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. పిల్లలు బొమ్మలు వేస్తుంటే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బెంచీల మధ్య తిరిగేవారు. నడుం నొప్పేమో అనుకునేదాన్ని. ఒకరోజు అడిగితే, "ముందుంటే ఊరుకోవండీ ఇవి" అన్నారు. అదే ఏడాది నేను ఒక కుర్రాడి వ్యాసం మీద వత్తులకీ దీర్ఘాలకీ ఎర్ర సిరాతో చుట్టిన సున్నాలు లెక్కపెడితే వాడి అక్షరాల కన్నా ఎక్కువ ఉండేవేమో. వాడు తర్వాత నాకు ఐదు లైన్లకు మించి ఏనాడూ రాయలేదు. వాడికిప్పుడు నలభై దాటి ఉంటాయి.

ఆ అమ్మాయి సంగతిలో మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ జరగనట్టు ఉండిపోవచ్చు. గొడవ చల్లారుతుంది, కానీ నిజం రాస్తే ఇంట్లో అమ్మ ఏడుస్తుందనే పాఠం ఆ పిల్లకు మిగిలిపోతుంది. క్లాసులో అందరి ముందూ క్షమాపణ చెప్పొచ్చు. మీ మనసు తేలికపడుతుంది, దుద్దుల సంగతి మర్చిపోయిన వాళ్లకు కూడా మళ్లీ గుర్తొస్తుంది. మూడోది, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు రెండు ముక్కల్లో చెప్పడం: "అది నీ కథ. నిన్ను అడక్కుండా గోడ మీద పెట్టాను. నాది తప్పు." అంతే. ఇంకో కథ రాయమని అడగకండి. బాగా రాశావని ఇప్పుడు పొగడకండి, పొగడ్త వల్లే వచ్చింది కదా తంటా. తల్లిని కూడా కలవాలి, బడిలో కాదు, హెడ్‌మిస్ట్రెస్ పక్కన ఉండగా అసలే కాదు. ఆవిడ కోప్పడొచ్చు. పడనివ్వండి. నేనైతే మూడో దారే పడతాను, కానీ ఆ ఇంటి వాతావరణం నాకు తెలియదు. తండ్రికి ఈ సంగతి చేరిందో లేదో ముందు కనుక్కోండి. చేరకపోయుంటే మీరు ఇంటికి వెళ్లడమే కొత్త రగడ అవుతుంది. అప్పుడు తల్లి బడికి వచ్చే రోజు కోసం ఆగడం మేలు.

ఇకముందు కోసం ఒక చిన్న ఏర్పాటు చెబుతాను. కాగితం పైన పిల్లలనే ఒక గుర్తు పెట్టమనండి. "అందరికీ", "టీచర్‌కి", "నాకే". "నాకే" అన్నది మడిచి వాళ్ల సంచిలోకే పోవాలి, మీరు తొంగి చూడకూడదు. మొదట్లో సగం మంది "నాకే" అని పెట్టి ఖాళీ కాగితం మడుస్తారు. మడవనివ్వండి, నెల తిరిగేసరికి విసుగొచ్చి రాస్తారు. ఒక్క జాగ్రత్త. "టీచర్‌కి" అన్న కాగితాల్లో ఉన్నది ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. ఇంట్లో అప్పులుండటం వేరు, పిల్లను ఎవరో కొట్టడం, తాకడం వేరు. రెండోది కనబడితే దాచుకునే హక్కు మీకు లేదు. లైంగిక వేధింపు అని తెలిస్తే చెప్పి తీరాలని పోక్సో చట్టమే అంటోంది. 1098 నంబరు పిల్లల కోసమే ఉంది. ఈ సంగతి పిల్లలకు కూడా మొదటి రోజే చెప్పేయండి.

ఇక ఆ తెలుగు మాస్టారు. ఆయన మాట మిమ్మల్ని అంత గుచ్చిందంటే నాకు ఆశ్చర్యమే, ఎందుకంటే మీరున్నది రాజమండ్రిలో. నూరేళ్ల క్రితం మీ ఊరి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన బొమ్మలు వేసేవారు, కవిత్వం రాసేవారు, కుర్రాళ్లకు పాఠం చెప్పేవారు. ఆయన చేరదీసిన కుర్రాళ్లలో దామెర్ల రామారావు ఒకరు, అడివి బాపిరాజు ఇంకొకరు. రామారావు 1925లో, ముప్పై రాకుండానే పోయారు. ఆయన పేరు మీదున్న చిత్రశాలకు మీరు ఎన్నోసార్లు వెళ్లే ఉంటారు. బాపిరాజుగారేమో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు, తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు, నవలలు రాశారు, పాటలు రాశారు, హైదరాబాదులో 'మీజాన్' పత్రికకు సంపాదకత్వం చేశారు. ఎన్ని పడవలో మీ వారినే లెక్కపెట్టమనండి.

అన్నట్టు, గోదావరి ఒడ్డున ఉండి ఆయన ఆ సామెత వాడటం నాకు నవ్వొచ్చింది. రెండు పడవలు పక్కపక్కన పెట్టి పైన చెక్కలు పరిచి కట్టేస్తే దాన్ని పంటు అంటారు కదా. మనుషులతోపాటు మోటారు సైకిళ్లూ దాని మీదే రేవు దాటేస్తాయి. రెండిటినీ కలిపి కట్టే చెక్క మీ దగ్గర ఉందా అన్నదే ప్రశ్న. ఉంది. అది మీ నాలుగో కథలోనే కనబడింది.

ఆ కథ మీరు జతచేశారు, చదివాను. ఎడిటర్ చెప్పింది నిజమే. మొదటి వాక్యంలోనే అమ్మమ్మ నీలం అంచు తెల్లచీర, నుదుటి మీద మూడు ముడతలు, పొద్దుటి ఎండ పడి మెరిసే రాగిచెంబు, వెనకాల లేత బూడిద రంగు నీళ్లు. ఇది వాక్యం కాదమ్మా, స్కెచ్చు. చేతిలో కుంచె లేదు కాబట్టి మాటలతో రంగులు పూశారు. చిత్రకారులు కథల్లోకి వచ్చినప్పుడు మొదట చేసే పనే ఇది. పాత చందమామ సంచిక ఒకటి తీసి చూడండి. రాజుగారి కిరీటం ఎలా ఉందో కథలో ఒక్క ముక్క ఉండదు. అది చిత్రగారో శంకర్‌గారో వేసిన బొమ్మలో ఉండేది. వాక్యం పరుగెత్తేది, కన్ను బొమ్మ దగ్గర ఆగేది. ఆ పత్రికలో రాసేవాళ్లు ఒకరు, వేసేవాళ్లు ఇంకొకరు. మీకు రెండూ వచ్చు. అంటే ఏది మాటకివ్వాలో, ఏది బొమ్మకివ్వాలో మీరే పంచుకోగలరు.

చూడండి, రెండో పేజీలో మీరే రాసిన వాక్యాలు: "అమ్మమ్మ రేవు మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతుంది. పదకొండో మెట్టు దగ్గర ఎప్పుడూ ఆగుతుంది." ఇందులో రంగు లేదు, ముడత లేదు. కానీ "ఎప్పుడూ" అనే మాట ఉంది. బొమ్మ ఒక్క పొద్దును చూపిస్తుంది, ఏళ్ల తరబడి పొద్దుల్ని చూపించలేదు. వాసన, చప్పుడు, లేని మనిషి, "ఎప్పుడూ", "ఇంకెప్పుడూ", ఇవి మాటల సొత్తు. చీర అంచు మీ కుంచెకు వదిలేయండి. ఒక పని చేయండి. నాలుగు ఏ4 కాగితాలు ఒకదాంట్లో ఒకటి మడిచి కుడితే 16 పేజీల బుల్లి పుస్తకం అవుతుంది. పేజీకి రెండు వాక్యాలు మించకుండా ఆ కథను దాంట్లో పెట్టి, మిగతాదంతా పెన్సిల్‌తో వేయండి. పేజీ తిప్పేటప్పుడు పిల్లకు ఏం ఎదురవ్వాలో అప్పుడు తెలుస్తుంది. పదకొండో మెట్టు కుడిచేతి పేజీ చివర రావాలి, అదీ లెక్క. బొమ్మల కథల పుస్తకాలు వేసేవాళ్లు లేకపోలేదు. సికింద్రాబాదులో మంచి పుస్తకం వాళ్లున్నారు, చెన్నైలో తూలిక తెలుగులోనూ వేస్తుంది, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఎవరైనా కథ పెట్టొచ్చు. డబ్బు పెద్దగా ఆశించకండి. మొదటి పుస్తకానికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యపడకండి.

అందుకని బొమ్మలు మానేయమని నేను చెప్పలేను. ముఖచిత్రాల పని తగ్గింది, అది వేరే బెంగ, తీసిపారేయదగ్గదీ కాదు. మీ నాన్నగారి కుంచెలకు జరిగింది కళ్లారా చూసినవారు మీరు. కానీ బొమ్మ వేయడమే మానేస్తే మీరు రాసే వాక్యాలు ఎక్కడి నుంచి వస్తాయో నాకు అర్థం కావడం లేదు.

సంధుల సంగతి. ఆయన వెక్కిరింపు వదిలేసి అందులో ఉన్న రవ్వంత నిజం తీసుకోండి. మీ ఉత్తరంలో వత్తులు అక్కడక్కడా తప్పాయి. ఆరు నెలలు మంచి వచనం పైకి చదువుకుంటే సర్దుకుంటాయి. రాయడానికి భయపడిన చిత్రకారులు మీకు ముందూ ఉన్నారు. బెంగాల్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్ తనకు రాయడం రాదని వెనకాడితే, నువ్వు నోటితో ఎలా చెబుతావో అలాగే రాయి అన్నారట పినతండ్రి వరస అయిన రవీంద్రుడు. 1895లో 'శకుంతల' అలాగే వచ్చింది. ఆ తర్వాత పిల్లల కోసం ఆయన రాసిన కథలు బెంగాలీ ఇళ్లలో ఇప్పటికీ చదువుతారు. మీరూ కూతురికి చెప్పినవే రాశారు కదా. ఎక్కడైనా ఇరుక్కుంటే కాగితం పక్కన పెట్టి ఆ పిల్లకు మళ్లీ చెప్పి చూడండి.

సింహం, కుందేలు గురించి మీరు బెంగపడ్డారు. నాకు బెంగ లేదు. వాళ్లకు ఇంతవరకూ చదివి వినిపించినవి అవే. "సృజనాత్మకంగా రాయండి" అని బోర్డు మీద రాస్తే ఏ పిల్లవాడికీ ఏమీ తట్టదు, నాకూ తట్టదు. మీకు బొమ్మ వచ్చు కాబట్టి బొమ్మతో మొదలుపెట్టించండి. ఇంటి నుంచి బడికి వచ్చే దారి గీయమనండి. కుక్క తరిమిన చోట ఒక చుక్క, సైకిల్ మీంచి పడ్డ చోట ఒక చుక్క, రోజూ తప్పించుకుని పోయే ఇంటి దగ్గర ఒక చుక్క. ఒక చుక్క గురించి పక్కవాడికి చెప్పమనండి. వాడు "తర్వాత?" అని అడిగితే ఇక రాయడమే. నలభై నిమిషాల పీరియడ్‌లో గీయడానికి పది, చెప్పుకోవడానికి పది పోను మిగతాది రాతకు చాలు. "ఎల్తన్నాం" అని రాస్తే "వెళ్తున్నాం" అని దిద్దకండి, కనీసం మొదటి ప్రతిలో. అందరికీ చూపించే ప్రతి తయారయ్యేటప్పుడు వత్తులు సరిచేయొచ్చు, అదీ ఆ పిల్లవాడి చేతే. చివర నీతి రాయడం మాత్రం ఒక నెల నిషేధించి చూడండి. గోల చేస్తారు.

ఇప్పుడు ఉద్యోగం. ఆరు రోజుల పనిలో చేరితే నెలకు 16,000 కచ్చితం. మీ ఇంట్లో అది చిన్న మొత్తం కాదని రాశారు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ అంటే ఏమిటో నాకు తెలుసు. యాన్యువల్ డే తెరలు, ఇండిపెండెన్స్ డే ముగ్గు, సైన్సు టీచర్ ఛార్టులు, కరస్పాండెంట్‌గారి అమ్మాయి పెళ్లి శుభలేఖ డిజైను, అన్నీ మీ బల్ల మీదికే వస్తాయి. మొదటి ఏడాది మీ సొంత కథ ఒక్కటీ పూర్తి కాదనుకోండి. ఇంటికొచ్చేసరికి చెయ్యి కాదు, మాట అలిసిపోతుంది. పిల్లల కథలకు "తర్వాత?" అని రోజంతా అడిగిన మనిషికి రాత్రి తన కథను ఆ మాట అడిగే ఓపిక ఉండదు. చేరదలిస్తే క్లబ్బు పీరియడ్లు వేరే పనికి మళ్లించకూడదనీ, పిల్లల రాతలు వాళ్లు ఒప్పుకోకుండా మేగజైన్‌లో వేయకూడదనీ చేరకముందే కాగితం మీద రాయించుకోండి. చేరాక ఎవరూ రాసివ్వరు.

ఇప్పుడున్నట్టు రెండు రోజులే వెళ్లొచ్చు. డబ్బు తక్కువ, మిగతా నాలుగు రోజులు మీవి. ఇబ్బందల్లా, బడి మిమ్మల్ని బయటి మనిషిగానే చూస్తుంది. దుద్దుల గొడవలాంటిది ఇంకొకటి జరిగితే మీ పక్కన నిలబడరు. మూడు రోజులకు బేరం ఆడి చూశారా? ఉత్తరంలో ఆ మాటే లేదు.

బడి వదిలేసి ఆదివారాలు ఇంట్లో ఎనిమిది మంది పిల్లలతో సొంతంగా నడుపుకోవచ్చు కూడా. మీ ఇష్టం వచ్చినట్టు నేర్పొచ్చు. అయితే ఫీజు కట్టగలిగిన వాళ్ల పిల్లలే వస్తారు, పరీక్షల నెలల్లో వాళ్లూ రారు. దుద్దుల కథ రాసిన పిల్ల ఆ ఎనిమిది మందిలో ఉండదు. అది మీకు ముఖ్యమో కాదో నాకన్నా మీకే తెలుసు.

బీఈడీ గురించి ఒక్క ముక్క. తెలుగు టీచర్ కావాలంటే అది గానీ పండిత శిక్షణ గానీ ఉండాలి, పైన టెట్ అనే అర్హత పరీక్ష. ఇప్పుడు బీఈడీ రెండేళ్ల చదువు. డ్రాయింగ్ టీచర్ దారి వేరు, డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు, టీటీసీ అనే శిక్షణ సర్టిఫికెట్ అని అడుగుతుంటారు, నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగం మీద నిజంగా గురి ఉంటేనే వీటిలో దిగండి. ఆ తెలుగు మాస్టారికి జవాబు చెప్పడానికైతే రెండేళ్లు దండగ.

సోమవారం క్లబ్బు ఉందన్నారు. ఆ అమ్మాయి మళ్లీ సింహం కథే ఇస్తుంది. తీసుకుని మామూలుగా చదవండి. సింహానికి ఆకలేసిందని రాస్తే, ఏం తింది అని అడగండి, మీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే.

ఇంకొకటి. పదకొండో మెట్టు దగ్గర అమ్మమ్మ ఎందుకు ఆగుతుందో మీ కథలో చివరిదాకా వెతికాను, ఎక్కడా లేదు. మర్చిపోయారో, తెలిసే వదిలేశారో. 16 పేజీల పుస్తకం కుట్టాక నాకొక కాపీ పంపండి.